పెట్టెలో పాత గొంతు

ఆపరేషన్ సెలవు అయిపోయి ఆఫీసుకు వచ్చిన రోజు, మొదటి ఫోనుకే ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"నమస్కారం, లిఫ్ట్ సర్వీస్" అంది.

అవతల ఏదో అపార్ట్‌మెంట్ సెక్రటరీ అనుమానంగా, "ఎవరండీ మీరు? మేడమ్ గారు లేరా?" అన్నాడు.

"నేనేనండీ."

"మీరు కాదండీ. రోజూ మాట్లాడే ఆవిడ. గొంతు బాగుంటుంది చూడండి, ఆవిడ."

ఆమె కొంచెం ఆలోచించింది. "లైన్లో ఉండండి" అని హోల్డులో పెట్టింది. టేబుల్ మీద చేతులు ఆనించి ఊరికే కూర్చుంది. మళ్లీ రిసీవర్ తీసి, "ఆవిడ సెలవులో ఉన్నారండీ, నాకు చెప్పండి" అంది. అతను శుభ్రంగా చెప్పాడు. ఆమె రాసుకుంది. అబద్ధం చెప్పినందుకు సిగ్గూ వేయలేదు, నవ్వూ రాలేదు.

మెడలో గడ్డ తీశారు. గడ్డ మంచిదేనని తేలింది. తీసేటప్పుడు గొంతుకు వెళ్లే నరం ఏదో దెబ్బతింది. "లోపల ఒక తీగ పడుకుంది. లేవచ్చు, లేవకపోవచ్చు" అన్నాడు డాక్టరు, బద్ధకస్తుడైన చుట్టం గురించి చెప్పినట్టు. అప్పటినుంచి ఆమె మాట్లాడితే ఎండుటాకుల మీద ఎవరో నడిచినట్టుంటుంది. కుట్లు వేసిన గీత చుట్టూ స్పర్శ లేదు. తడిమితే వేలికి తెలుస్తుంది, మెడకు తెలియదు. ఆ తెలియకపోవడం మెడ దగ్గరే ఆగిపోతే బాగుండేది. కానీ పొద్దున లేవడం, బస్సెక్కడం, ఎవరైనా అయ్యో అనడం, అన్నీ అలాగే ఉంటున్నాయి. చీమ కుట్టినట్టయినా లేదు.

లిఫ్టులు బాగుచేసే ఆ ఆఫీసుకు లిఫ్టు లేదు, మెట్లెక్కి రావాలి. ముందు గదిలో ఆమె కుర్చీ, పక్కన ఓనరు గది, వెనక సామాన్ల స్టోరు. ఆమె కుర్చీ వెనక గోడకు బూడిదరంగు పెట్టె ఒకటి తగిలించి ఉంటుంది. ఫోన్ ఎక్స్‌చేంజి అదే, వాయిస్ మెయిల్ అదే. బిగించినవాడు ఎలా వాడాలో ఓనరుకు చెప్పి వెళ్లాడు. ఓనరు ఆ పుస్తకాన్ని ఆమె టేబుల్ మీద పడేసి, "నువ్వు చూసుకోమ్మా" అన్నాడు. ఆవేళ్టి నుంచి ఆమే చూసుకుంటోంది. ఎవరి ఎక్స్‌టెన్షన్ ఎక్కడ మోగాలి, ఆఫీసు మూశాక ఫోను ఏ మెకానిక్కుకు పోవాలి, ఎవరి బాక్సు నిండిపోయింది, ఎవరు పాస్‌వర్డ్ మర్చిపోయారు, అన్నీ ఆమె ముందున్న ఫోన్లోంచే. మెకానిక్కులు ఆమెను ఎక్స్‌చేంజ్ అక్క అంటారు.

మామూలుగా ఎవరి బాక్సులో వాళ్ల గొంతే ఉండాలి. ఈ ఆఫీసులో అది కుదరలేదు. బీప్ వినబడగానే మెకానిక్కులకు నోరు పెగలదు. ఒకడు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఇంకొకడు బండి మీద వెళ్తూ రికార్డు చేసి, మధ్యలో అడ్డొచ్చిన ఆటోవాణ్ణి తిట్టిన తిట్టు కూడా అందులోనే వదిలేశాడు. అది విన్నాక ఓనరు అన్ని బాక్సుల్లోనూ ఆమెనే మాట్లాడమన్నాడు. "ఆయన సీట్లో లేరు, మీ విషయం చెప్పండి" అని ఒక్కొక్కరి తరఫునా ఆమే చెప్పింది.

"నాకసలు సీటేదక్కా, సీట్లో లేరంటావు?" అని పెద్ద మెకానిక్ ఇప్పటికీ వెక్కిరిస్తుంటాడు.

అలా పెట్టె నిండా ఆమె గొంతే. అన్నిటికన్నా ముఖ్యమైనది అత్యవసరం బాక్సు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు ఆఫీసుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే, ఆమె డెస్కు మోగేలోపు అది వినిపిస్తుంది. "కంగారు పడకండి. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. తలుపు బలవంతంగా లాగకండి. మా మనిషి వస్తాడు. నేను లైన్లోనే ఉన్నాను."

మొత్తానికి ఆఫీసులో రెండు గొంతులయ్యాయి. జనం పెట్టెలో గొంతు విని, తర్వాత ఈమె ఎత్తితే, "ఆవిడకివ్వండి" అంటున్నారు.

ఇంట్లో ఇంకో రకం. అత్తగారికి చెవులు కొంచెం దూరం. కోడలు ఏది చెప్పినా, "ఏమిటే ఆ గుసగుసలు? నాకు తెలియకుండా మొగుడూ పెళ్లాలు ఏం మంతనాలు?" అంటుంది. మంతనాలేమీ లేవు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది, అంతే. భర్త మంచివాడు. ఆమె గొంతు నొప్పెడుతుందని, ఆమె నోరు తెరవకముందే తనే చెప్పేస్తున్నాడు. దుకాణంలో ఆమెకేం కావాలో ఆయనే చెప్తాడు. పుట్టింటివాళ్లు ఫోన్ చేస్తే, "బాగానే ఉంది, నవ్వుతోంది" అంటాడు. పక్కనే కూర్చుని ఆమె గోడ వంక చూస్తూ ఉంటుంది.

"తనకి వంకాయ వద్దమ్మా" అన్నాడు ఒకరోజు తల్లితో.

ఆమెకు వంకాయ ఇష్టమే. చెప్పాలంటే గొంతు పెంచాలి, అత్తగారు ఆఁ అంటే మళ్లీ చెప్పాలి. ఊరుకుంది. ఆ పూట వంకాయ లేకుండానే తింది.

ఒక పొద్దున ఆఫీసులో ఓనరు ఆమెను తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించాడు. ఆయన మొహమాటస్తుడు. పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి అన్నాడు.

"నీకు శ్రమ అవుతోందమ్మా. మా మరదలు ఖాళీగానే ఉంది. సోమవారం నుంచి ముందు సీట్లో తను కూర్చుంటుంది. నువ్వు స్టోరు చూసుకో, ప్రశాంతంగా ఉంటుంది. జీతం అదే. ఆ పెట్టెలో మాటలన్నీ తన చేత మళ్లీ చెప్పించు. ఏమంటావు?"

ఆమె తల ఊపింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు.

బయటికొచ్చి స్టోరు గుమ్మంలో నిలబడి చూసింది. ఇనప తాళ్ల చుట్టలు, గ్రీజు డబ్బాలు, పాత మోటార్లు. ఫోన్ లేదు. ఇంట్లో ఆమె మాటలు భర్త చెప్తున్నాడు. ఇక్కడ ఇంకొకావిడ చెప్తుంది. అప్పుడు రోజు మొత్తంలో ఆమె నోరు తెరవాల్సిన పనే ఉండదు. ఇంత లెక్క తేలినా లోపల ఏమీ కదల్లేదు. దుఃఖం రావాల్సిన చోట రాకపోతే ఎవరిని అడగాలో తెలియక, వెళ్లి తన సీట్లో కూర్చుంది.

శుక్రవారం భోజనాలయ్యాక అత్యవసరం లైను మోగింది. ఎత్తింది.

"చెప్పండి, ఏ బిల్డింగు?"

అవతల ఊపిరి బుసబుసమంటోంది. పెద్దాయన. కరెంటు పోయిందిట, రెండంతస్తుల మధ్య ఆగిపోయిందిట, లోపల తానొక్కడేనట. బిల్డింగు పేరు చెప్పాడు. ఆమె ఇంకో చేత్తో పెద్ద మెకానిక్కుకు కలిపి చెప్పింది. "దగ్గర్లోనే ఉన్నానక్కా, వస్తున్నా" అన్నాడతను.

"మనిషి బయల్దేరాడండీ" అంది పెద్దాయనతో.

"ఏంటీ? ఎవరమ్మా నువ్వు? గుసగుసలాడతావేంటి? చీకట్లో ఉన్నానమ్మా నేను! దయ్యంలా ఏంటా గొంతు!"

"కంగారు పడకండి…"

"నువ్వు మాట్లాడకు! ఇందాక మాట్లాడిందే, ఆ అమ్మాయినివ్వు! నాకు ఊపిరాడ్డం లేదు!"

గొంతు పెంచింది. పెంచితే ఇంకా చీలింది. అవతల అరచేత్తో తలుపు బాదుతున్న చప్పుడు. చాలాకాలంగా ఈ సీట్లో ఉంది కాబట్టి ఆమెకు తెలుసు. అలా బాదేవాళ్లు కాసేపటికి తలుపు లాగుతారు, సందులో కాలు పెడతారు.

ఆమె కాన్ఫరెన్స్ నొక్కింది. అత్యవసరం బాక్సును కూడా అదే లైన్లో కలిపింది.

"కంగారు పడకండి" అంది పెట్టెలోని గొంతు. నున్నగా, తీరిగ్గా. "లోపలికి గాలి వస్తూనే ఉంటుంది."

"వచ్చావా తల్లీ" అన్నాడు పెద్దాయన. "అదెవతో మాట్లాడింది, హడలిపోయాను."

"తలుపు బలవంతంగా లాగకండి."

"లాగను. లాగనమ్మా."

"మా మనిషి వస్తాడు. నేను లైన్లోనే ఉన్నాను."

బీప్ వచ్చింది. ఆమె బాక్సును విడదీసి మళ్లీ కలిపింది. మళ్లీ అదే. పెద్దాయన ప్రతి మాటకూ బదులిస్తూనే ఉన్నాడు. కోడలు బజారుకెళ్లిందని చెప్పాడు. మోకాళ్లు బాగోలేక లిఫ్టెక్కానని, లేకపోతే దాని మొహం చూడనని అన్నాడు. "నువ్వు చెప్పిందే చెప్తున్నావు గానీ, నువ్వు చెప్తుంటే బాగుందమ్మా" అన్నాడు. ఆమె రిసీవర్ చెవికి ఆనించి వింది. తన పాత గొంతుతో ఒక ముసలాయన కబుర్లు చెప్పుకుంటున్నాడు. మధ్యలో తాను ఊపిరి పీల్చుకుంటే అది లైన్లో వినిపించి జడుసుకుంటాడేమోనని, మాట్లాడే వైపు అరచెయ్యి అడ్డం పెట్టింది.

చివరికి తలుపు తెరుచుకున్న చప్పుడు, పెద్ద మెకానిక్ "రండి తాతగారూ, నా భుజం పట్టుకోండి" అనడం వినబడ్డాయి. ఆమె లైను తీసేసింది.

సాయంత్రం పెద్ద మెకానిక్ ఊరుకోకుండా ఓనరుకు కథంతా చెప్పాడు. ఓనరు ముందు గదిలోకి నడిచి వచ్చాడు, మొహం వెలిగిపోతోంది.

"భలే పని చేశావమ్మా! ఇంకేం, ఆ పాత గొంతు తీయనే తీయొద్దు. మా మరదలు సీట్లో కూర్చుంటుంది, పెట్టెలో మాత్రం నీ గొంతే ఉంటుంది. ఎప్పటికీ. అది మన ఆఫీసు ఆస్తి. నువ్వు హాయిగా స్టోర్లో…"

"ఆహా, ఏం ఏర్పాటు సార్" అన్నాడు పెద్ద మెకానిక్. "అక్క గొంతు ముందు గదిలో, అక్క వెనక గదిలో."

"నువ్వుండరా, సరదా మాటలూ నువ్వూనూ."

ఓనరు నవ్వుతూనే గదిలోకి వెళ్లిపోయాడు. పెద్ద మెకానిక్ ఆమె వంక చూసి, గ్రీజు చేతులు కడుక్కోవడానికి పోయాడు.

ఆమె కోపం వస్తుందేమోనని చూసింది. రాలేదు. వచ్చేదాకా ఆగితే సోమవారం వచ్చేస్తుంది.

రిసీవర్ ఎత్తింది. మెయిల్‌బాక్సుల నంబరు కొట్టింది. అడ్మిన్ పాస్‌వర్డ్ కొట్టింది. అత్యవసరం బాక్సు. కొత్త సందేశం. బీప్.

"కంగారు పడకండి" అంది. గొంతు అక్కడే చీలింది. ఆపింది. మంచినీళ్లు తాగింది. మళ్లీ బీప్.

"కంగారు పడకండి. నా గొంతే జీరగా ఉంటుంది, లైను బాగానే ఉంది. లోపలికి గాలి వస్తూనే ఉంటుంది. తలుపు బలవంతంగా లాగకండి. మా మనిషి వస్తాడు. నేను ఇక్కడే ఉన్నాను."

ఉంచాలంటే ఒకటి, వద్దంటే రెండు అంది పెట్టె. ఉంచితే పాతది పోతుంది. ఇంకెక్కడా దాచిపెట్టి లేదు, దాచే ఏర్పాటు ఆ పెట్టెలో లేదు. ఆ సంగతి ఆఫీసులో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఒకటి నొక్కింది.

తర్వాత ఫోన్ కలవగానే వినబడే మొదటి పలకరింపు మార్చింది. తర్వాత పెద్ద మెకానిక్‌ది. "ఆయన లిఫ్టు మీద ఉన్నారు, మీ విషయం చెప్పండి." తర్వాత మిగతావాళ్లవి, వరసగా. ప్రతిసారీ ఒకటి నొక్కింది. ఆఖర్న ఓనరు బాక్సు. అన్నీ అయ్యేసరికి గొంతు మంట పుట్టింది. మంట మాత్రం బాగా తెలిసింది.

ఓనరు గది తలుపు మూసే ఉంది. ఆయన సెల్లులోంచి ఎవరితోనో గొప్పగా, "ఒక్కసారి మా నంబరుకు చేసి ఒకటి నొక్కి వినండి సార్, ఎంత బాగుంటుందో" అంటున్నాడు. కాసేపటికి అవతలివాళ్లు విని మళ్లీ చేసినట్టున్నారు, ఆయన మాటలు ఆగిపోయాయి. డెస్కు మీద ఇంటర్‌కమ్ మోగింది.

"అత్యవసరంలో ఎవరిదమ్మా ఆ గొంతు?"

"నాదే సార్."

"పాతదేది?"

"లేదు సార్. తీసేశాను. అన్నిట్లోనూ."

ఆమె రిసీవర్ పెట్టకుండా అలాగే పట్టుకుంది.

"మరి సోమవారం మా మరదలొస్తే?"

"స్టోర్లో సామాను చాలా ఉంది సార్, తనని చూసుకోమనండి. నేను ఈ సీట్లోంచి లేవను."

చెప్పాలనుకున్న దానికన్నా మెల్లగా వచ్చిందామాట. అయినా ఆయనకు వినబడింది. గది తలుపు కొంచెం తెరుచుకుంది. ఓనరు ఇంటర్‌కమ్ చెవిదగ్గర పెట్టుకునే తల బయటికి పెట్టి చూశాడు. ఆమె కూడా చూసింది. పెన్ను మూత ఊడి నేలమీద దొర్లింది, ఆయన వంగి తీసుకున్నాడు.

"తనకు ఏదో ఒకటి చెప్తాలే" అన్నాడు. తర్వాత, "కొంచెం వాల్యూమన్నా పెంచమ్మా" అని తలుపు వేసుకున్నాడు.

ఆమె మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి వాల్యూమ్ పెంచింది. విని చూసుకుంది. మాటతో పాటు జీర కూడా పెరిగింది. అలాగే ఉంచింది.