ఇంజను విప్పేశాక

కుళాయి ధార సన్నబడుతోంది. వరహాలు బిందె సగం నిండగానే పక్కకు తీసి, దాని చోట స్టీలు బిందె పెట్టింది. సగం బిందెను ఎడమ చంకన ఎత్తుకుని, రెండో చేత్తో గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా కాస్త ఆగుతూ ఎక్కింది.

గుమ్మంలో కూర్చున్న సింధు నిన్న పొద్దున్నించీ ఇదే చూస్తోంది. అమ్మ ఏ బిందెనీ నిండా పట్టడం లేదు.

"ఛోడో నా అమ్మా, వదిలెయ్, నేను పట్టుకొస్తాను."

"రెండ్రోజుల సుట్టానివి. సాయంత్రం బండెక్కి పోతావు. రేపెవులు మోత్తారు?"

మూడేళ్ల కిందట వరహాలు కుడి రొమ్ములో గడ్డ తీసేశారు. సింధు అప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. ఇప్పుడు రాంచీలో ఒక ల్యాబులో ఎలకల మీద పరిశోధన చేస్తోంది. రొమ్ము క్యాన్సరు కణాలు పుట్టిన చోటు వదిలి ఎముకల్లోకి ఎలా వెళ్తాయన్నదే ఆమె పని. నిన్న ఉతికిన బట్టలు బీరువాలో సర్దుతుంటే చీరల అడుగున ఆస్పత్రి ఫైలు కనబడింది. మళ్లీ రమ్మన్న తేదీ దాటిపోయి రెండు నెలలయింది. ఆ తేదీ కింద డాక్టరు రాసిన ముక్క: ఎముకల్లో నొప్పి వస్తే వెంటనే రావాలి. ఫైలు మీద నొక్కి నొక్కి ఖాళీ చేసిన నొప్పి మందు ట్యూబులు మూడున్నాయి.

రాత్రంతా సింధుకి నిద్ర పట్టలేదు. సాయంత్రం బండెక్కేలోగా అమ్మచేత ఆస్పత్రికి సరేననిపించాలి. ఫోన్లో చెప్తే అమ్మ వినదు.

గణపతిరావు పీట మీద కూర్చుని, ఉల్లిపాయ నంజుకుంటూ చద్దన్నం తింటున్నాడు. టాటానగర్ రైల్వే యార్డులో ముప్ఫై ఏళ్లుగా బోగీలు విడదీసి కలిపే షంటింగ్ పని. ఇవాళ రెండింటికి డ్యూటీ.

"నాన్నా, అమ్మకి నడుం నొప్పి ఎన్నాళ్లనుంచి?"

ముద్ద నోటి దగ్గరే ఆగింది. "నొప్పేటి? ఏటే వరాలూ?"

"ఏటీ లేదండీ. బిందెలు మోసిన నడుం నొప్పెట్టక పాటలు పాడుద్దా?"

"సగం బిందెలకేనా?" అంది సింధు.

వరహాలు కూతురి వైపు చూసింది. ఆ చూపులో కోపం కన్నా బెదురే ఎక్కువుంది.

"ఓ ఎలకల డాక్టరమ్మా," గణపతిరావు నవ్వబోయాడు, "వచ్చిన రెండ్రోజులూ మీ అమ్మని బయపెట్టకు. గడ్డ తీసేసినారు గదా. ఇంజను విప్పేశాక బోగీలెక్కడికెల్తాయి?"

ఆ మాట ఆ ఇంట్లో మూడేళ్ల నుంచీ ఉంది. డిశ్చార్జి అయిన రోజు ఆస్పత్రి వరండాలో మొదటిసారి అన్నాడు. తర్వాత చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లతోనూ అన్నాడు. వింటూ వింటూ వరహాలు కూడా పక్కింటి సోనీతో హిందీలో అదే చెప్పడం మొదలెట్టింది. ఆ మాట ధైర్యంతోనే ఫైలు చీరల అడుక్కి పోయింది.

సింధు గొంతు తగ్గించింది. "గడ్డ కొయ్యకముందే కొన్ని కణాలు రక్తంలో పడి వెళ్లిపోయుండొచ్చు నాన్నా. ఎముకల్లో ఒక పదార్థం ఊరుతుంటాది. కీమోకైన్ అంటారు. అదొక పిలుపు లాంటిది. ఆ పిలుపు అందుకునే రిసెప్టరు కొన్ని క్యాన్సరు కణాల మీద ఎక్కువుంటాది. అవి ఆ జాడ పట్టుకుని ఎముకలోకి చేరతాయి."

"మన ఎముకే దాన్ని పిలుత్తాదా?"

"దాన్ని కాదు. రక్తం తయారుచేసే మంచి కణాల్ని పిలుచుకుంటాది. ఇది కూడా అదే పిలుపు వినేస్తాది."

"నాకు పాటం సెప్పకే," అంది వరహాలు. ఈలోగా కిందికెళ్లి తెచ్చిన ఇంకో సగం బిందె చంకలో ఉంది. దింపలేదు.

సింధు వచ్చి తండ్రి ముందు నేల మీద కూర్చుంది. ఇది అడగకూడదని రాత్రి అనుకుంది. కానీ ఇంకో దారి కనబడలేదు.

"లూజు షంటింగ్‌లో కప్లింగ్ కొక్కెం విప్పేసిన వేగన్ని ఇంజను ఒక్క తోపు తోసి, తను ఆగిపోద్ది గదా నాన్నా. వేగను ఆగుద్దా?"

గణపతిరావు కంచంలోకి చూశాడు. అన్నం మెతుకులు ఒక పక్కకి జరిపాడు. మళ్లీ ఇటు జరిపాడు.

"సెప్పండి," అంది వరహాలు.

పెళ్లయి వచ్చిన నాటినుంచీ ఆవిడ ఈ రైల్వే క్వార్టరు కిటికీలోంచి యార్డునే చూస్తోంది. ఇంజను లేకుండా ఒంటరిగా పట్టాల మీద దొర్లిపోయే వేగన్లు ఆవిడకి తెలుసు. అయినా ఆయన నోట వినాలని నిలబడింది.

"ఆగదు," అన్నాడు.

"మరేటి సేత్తారు?"

"ఒకడు పక్కనే పరిగెట్టి బ్రేకు దింపాల."

"పరిగెట్టకపోతే?"

గణపతిరావు ఎంగిలి చెయ్యి కంచంలోనే ఎండుతోంది.

"ఇంత తెలిసినోరు, మూడేళ్లూ నాకా మాటెందుకు సెప్పినారు?"

"నువ్వు బువ్వ తినాలని." ఆయన కంచం పక్కకి నెట్టాడు. "ఆ రోజుకి నువ్వు మెతుకు ముట్టి మూడ్రోజులయింది, వరాలూ. ఏదో ఒకటి సెప్పాల. నోటికదొచ్చింది."

"అమ్మా," అంది సింధు, "అదే అయ్యుంటాదని నేననట్లేదు. ఉత్త నడుం నొప్పే కావచ్చు. స్కాన్ తీస్తే తేలిపోద్ది. అదే అయినా మందులున్నాయి. ఎంత తొందరగా తెలిస్తే అంత..."

వరహాలు బిందె దింపింది. దింపుతుంటే పళ్లు బిగబట్టింది. ఈసారి దాచుకోలేదు. లోపలికెళ్లి బీరువా తీసింది. చీరలు లాగిన చప్పుడూ, వెనకే ఖాళీ ట్యూబులు నేల మీద పడిన చప్పుడూ వినబడ్డాయి. ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చింది. కుచ్చిళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఆగే, సొక్కా ఏసుకుని నానూ వత్తన్నాను," గణపతిరావు చెయ్యి కడగకుండానే లేచాడు.

ఆవిడ ఆగలేదు, తిరిగి చూడలేదు. చెప్పులేసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగి, ఆస్పత్రి వైపు వెళ్లే జుగ్సలాయి ఆటోలు ఆగే రోడ్డు వైపు నడిచింది.