పెద్దోడికి ఇచ్చిన మాట

తెల్లవారేసరికి ఆకాశం ఎటూ తేల్చుకోలేనట్టు ఉంది. వాన కురవదు, ఎండా కాయదు. తూర్పున ఒకచోట మాత్రం మబ్బు పలచబడి, నలిగిన గుడ్డ వెనక దీపం పెట్టినట్టు కాస్త వెలుతురు వచ్చింది. కోత మిల్లులో దుంగలు కోసే ఆ తండ్రి పెరట్లో నిలబడి, వానైనా పడితే బాగుండుననుకున్నాడు. వాన పడితే మిల్లులో కరెంటు తీసేస్తారు. రంపం తిరగదు. ఇవాళ్టికి గండం గడుస్తుంది.

"వాన రాదు కదా నాన్నా," అన్నాడు వెనకనుంచి పెద్దోడు. అప్పటికే తలస్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, బొత్తాలన్నీ ఒక కన్నం కిందికి పెట్టుకుని ఉన్నాడు.

"రాదులేరా." తండ్రి ఆ బొత్తాలు విప్పి మళ్ళీ వరసగా పెట్టాడు. పైబొత్తం పెట్టడానికి చేతులు కాస్త ఎత్తవలసి వచ్చింది. కొడుకు తనకంటే పొడుగయ్యాడు.

"అయితే మధ్యాహ్నం మిల్లుకే," అన్నాడు పెద్దోడు.

తండ్రి వాడి కాలరు సర్దాడు.

ఆ మాట ఇవాళ్టిది కాదు. పెద్దోణ్ణి మొదటిసారి బడిలో వేసిన రోజున, గేటు ఊచ పట్టుకుని వదలకుండా ఏడుస్తుంటే, వేళ్ళు ఒక్కొక్కటీ విడిపిస్తూ చెప్పాడు. "బడి అయిపోగానే నిన్ను నాతో మిల్లుకి తీసుకెళ్తాను, సరేనా." ఆ సాయంత్రం సంచి మెడలో వేసుకుని వచ్చి, "బడి అయిపోయింది, పద" అన్నాడు వాడు. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. వయసు నడిచినంత దూరం వాడి బుద్ధి నడవదని అప్పటికి ఎవరికీ తెలియదు. తెలిశాక నవ్వడం తగ్గింది గానీ, ఆ మాటతో అవసరం పెరిగింది. తోటిపిల్లలు ఏడిపించిన రోజున, ఎక్కాలు ఎక్కిన రోజునే దిగిపోయినప్పుడు, చెల్లెలు వాడి పాఠాలు దాటిపోయి తిరిగి వాడికే నేర్పుతుంటే, ఆ మాటనే తాయిలంలా చేతిలో పెట్టి పంపేవాడు. బడి అయిపోవడం చాలా దూరం అనుకున్నాడు. ఈలోగా వాడే మరిచిపోతాడనో, మిల్లే మూతపడుతుందనో, ఏదో ఒకటి జరగకపోదనో అనుకున్నాడు. ఏమీ జరగలేదు.

హైస్కూలు హాల్లో కుర్చీలు కిర్రుమంటున్నాయి. తల్లీ తండ్రీ పిల్లలిద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు, పెద్దోడి పేరు పిలిచేదాకా. వాడు పరీక్షలు గట్టెక్కలేదు. అయినా ఏనాడూ బడి ఎగ్గొట్టని పిల్లాడని, మిగతా అందరితోపాటే వేదిక ఎక్కించి చేతిలో ఒక కాగితం పెట్టారు. క్లాసు టీచరమ్మ ఒక్కొక్కరినీ ఇకముందు ఏం చేస్తావని అడుగుతోంది. ఒకమ్మాయి నర్సునవుతానంది. ఒకడు విమానాలు బాగుచేస్తానన్నాడు. పెద్దోడు మైకును రెండు చేతులా పట్టుకుని, "మా నాన్నతో దుంగలు కోస్తాను. ఇవాళ మధ్యాహ్నం నుంచే," అన్నాడు.

హాలంతా చప్పట్లు. అందరికంటే వాడికే ఎక్కువసేపు కొట్టారు. ఆ ఎక్కువ ఎందుకో తండ్రికి తెలుసు.

"అదృష్టవంతులండీ," అంది పక్క కుర్చీలోని ఆవిడ. "మావాడు ఇంటికి రావడమే ఆలస్యం, తలుపేసుకుంటాడు. మీ అబ్బాయి మీ చెయ్యి వదలడు."

"అవునండీ," అన్నాడు తండ్రి.

బయటికొచ్చాక భార్య అతణ్ణి గోడవారకు తీసుకెళ్ళింది. "ఇప్పుడైనా చెప్పెయ్యండి వాడికి, మిల్లుకి వద్దని."

"నువ్వు చెప్పరాదూ."

"మాట ఇచ్చింది మీరు."

"ఒక్కరోజు తీసుకెళ్ళు నాన్నా," అంది చిన్నది. "ఆ దుమ్ములో సాయంత్రానికి అన్నయ్యే విసిగిపోతాడు."

"మీ అన్నయ్యకి విసుగే రాదు కదమ్మా," అన్నాడు తండ్రి. అప్పటికే పెద్దోడు మిల్లు వైపు సగం వీధి నడిచేశాడు.

మిల్లు ఓనరు చెడ్డవాడు కాదు. పెద్దోణ్ణి ఎగాదిగా చూసి, "రంపపు పొట్టు ఊడ్చి సంచుల్లోకి ఎత్తనీ. రంపం చుట్టూ గీసిన ఆ ఎర్రగీత మాత్రం దాటనివ్వకు," అన్నాడు.

రంపానికి అవతలివైపు నిలబడి కోసిన పలకలు అందుకునేవాణ్ణి అందరూ బావ అనే పిలుస్తారు. అతని ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. "ఏం అల్లుడూ, మా పొట్ట కొట్టడానికి దిగావా," అన్నాడు.

"నీ పొట్ట కొట్టనులే మావయ్యా. పొట్టే ఎత్తుతాను," అన్నాడు పెద్దోడు. బావ నవ్వాడు. తండ్రికీ నవ్వొచ్చింది.

రంపం మోతకు చెవులు చిల్లులు పడతాయని, తండ్రి కొడుకు చెవుల్లో దూది కుక్కి, పైన తన తువ్వాలు బిగించి కట్టాడు. కట్టేముందు చెప్పాడు. "రంపం తిరుగుతుంటే అక్కడే ఉండాలి. ఆగాకే దగ్గరికి రావాలి. ఏం చెప్పాను?"

"ఆగాకే రావాలి."

పెద్దోడు పని మొదలెట్టాడు. మూలమూలనా గీకి, పొట్టును కుప్ప చేసి, సంచి నోరు తెరిచి పట్టుకుని, ఒక రవ్వ కింద పడకుండా నింపాడు. ఊడ్చినచోట నేల అద్దంలా ఉంది. దుంగ నెడుతూనే తండ్రి ఓరకంట చూస్తున్నాడు. వీడి చేతిలో ఇంత పని ఉందా అనుకున్నాడు. ఎర్రగీతకు అవతలే ఉంటే, పొట్టు పని ఒక్కటే అయితే, ఏమో, గడిచిపోతుందేమో. చాలా ఏళ్ళకు అతని భుజాలు కాస్త వదులయ్యాయి.

ఒక దుంగ కోత అయిపోయింది. మరో దుంగ ఎక్కించడానికి అతను వెనక్కి తిరిగి గొలుసు అందుకున్నాడు.

కొయ్య తగలకుండా ఉత్తినే తిరిగేటప్పుడు ఆ పెద్ద పట్టీరంపం వణకదు, ఊగదు. పై చక్రం నుంచి కింది చక్రానికి ఎంత వేగంగా దిగుతుందంటే, పళ్ళన్నీ కలిసిపోయి, నిలబెట్టిన ఉక్కు రేకులా నున్నగా కనిపిస్తుంది. మోత వినబట్టే తిరుగుతోందని తెలుస్తుంది. మోత వినబడకపోతే అది ఆగి ఉన్నట్టే.

అతను ఇటు తిరిగేసరికి పెద్దోడు గీత దాటి, రంపం ముందు నిలబడి, దాని అడుగున పేరుకున్న పొట్టు తుడవడానికి చెయ్యి చాచాడు.

గొలుసు ఎప్పుడు వదిలాడో, ఎలా దూకాడో అతనికి తెలియదు. కాలరు పట్టి వెనక్కి లాగాడు. ఇద్దరూ పొట్టులో పడ్డారు. లేచి, కొడుకు చెంప మీద బలంకొద్దీ కొట్టాడు. వాడు పుట్టాక వాణ్ణి కొట్టడం అదే మొదలు.

బావ మీట దించాడు. రంపం చాలాసేపటికి గానీ ఆగలేదు.

పెద్దోడు తువ్వాలు విప్పుకుని, చెవుల్లో దూది తీశాడు. "ఆగాక రమ్మన్నావుగా నాన్నా. ఆగిందిగా."

తండ్రి తను కట్టిన తువ్వాలు వంకే చూస్తూ ఉండిపోయాడు.

బావ వచ్చి అతని పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "ఆగిందనుకునే నేనూ పెట్టాను ఈ చెయ్యి. నాకు ఒకసారితో బుద్ధొచ్చింది. వాడికి రోజూ చెప్పాలి. రోజూ వెనక్కి తిరగకుండా కొయ్యగలవా నువ్వు?"

కొయ్యలేడు. ఆ సంగతి అతనికి ఎప్పటినుంచో తెలుసు.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. సైకిళ్ళ షాపు దాటాక తండ్రి నోరు విప్పాడు. "పెద్దోడా, ఇంక మిల్లుకి వద్దురా."

"రేపా?"

"రేపు కాదు. ఎప్పుడూ వద్దు."

పెద్దోడు నాలుగడుగులు వేసి ఆగాడు. చెంప మీద వేళ్ళు ఎర్రగా తేలాయి. "బడి సరిగ్గా అయిపోలేదేమో," అన్నాడు. "ఇంకో ఏడాది వెళ్తాను నాన్నా. ఈసారి బాగా చదువుతాను. అప్పుడు తీసుకెళ్దువు."

"బడి అయిపోయిందిరా. నువ్వు బాగానే చేశావు. తప్పు నీది కాదు."

"మరి ఎవరిది?"

"నాది."

వాడు దానిమీద ఆలోచించాడు. ముఖంలో భయం కనిపించింది. "అయితే నిన్నూ రానివ్వరా మిల్లుకి?"

"నన్ను రానిస్తారు."

"మంచిది," అన్నాడు పెద్దోడు, బరువు దిగినట్టు. మళ్ళీ నడిచాడు. తండ్రి ఒక అడుగు వెనకబడ్డాడు, ముఖం కనబడకుండా.

గుమ్మంలోనే భార్య కొడుకు చెంప చూసింది, భర్త చేతుల వంక చూసింది. కాళ్ళు కడుక్కోమని చెంబు ఇచ్చి, లోపలికెళ్ళి నాలుగు కంచాలు పెట్టింది. చిన్నది అన్న పక్కన కూర్చుని వాడి గ్లాసులో నీళ్ళు పోసింది.

ఎప్పటిలాగే పెద్దోడు తండ్రి పక్కనే కూర్చున్నాడు. తల వంచుకుని, నోరు నొప్పిగా ఉండి కాబోలు, ఒక పక్కనే నమిలాడు. తల్లి వాడి కంచంలో అన్నం ఇంకాస్త మెత్తగా కలిపి పెట్టింది. తండ్రికి ముద్ద దిగలేదు. తను చెయ్యి కడిగేస్తే మిగతా ముగ్గురూ లేచిపోతారని తెలిసి, నీళ్ళు తాగి ఇంకో ముద్ద కలిపాడు.