మామిడికి క్షవరం

మా ఆయనకు సందు మొదట్లో సెలూన్ ఉంది. ముప్పై ఏళ్లుగా తలలు చూసీ చూసీ, ఎక్కడ ఎగుడుదిగుడు కనిపించినా ఆయన చేతులు ఊరుకోవు. ఆ దురద మా పెరట్లో మామిడి చెట్టు దాకా పాకింది. వానలు వెనకబట్టి చలి మొదలయ్యేసరికి నిచ్చెన ఎక్కి, చెట్టుకు చుట్టూ గుండ్రంగా క్షవరం చేసేవాడు. కిందికి దిగి నాలుగడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వంచి చూసుకుని మురిసిపోయేవాడు.

చెట్టు మాత్రం నాది. మా అక్క పంపిన అంటు. నేనే గొయ్యి తవ్వి నాటాను. తొలకరికి పాదు చేసి ఎరువు వేయడం, ఎండాకాలం మొదట్లో ఎండుటాకులు కప్పి కుండలకొద్దీ నీళ్లు మోయడం, అన్నీ నావే. ఏడేళ్లయినా ఒక్క పిందె లేదు. ఈలోగా మా మరిది ఆ చోటు మీద కన్నేశాడు.

“వదినా, ఇదిక కాయదు. కొట్టేసి నా వ్యానుకి రేకుల షెడ్డు వేద్దాం.”

“వచ్చే ఒక్క వేసవి చూడు. అప్పటికీ కాయకపోతే నీ ఇష్టం,” అనేశాను. నోరు జారానని వెంటనే తెలిసింది.

ఆ ఏడు చలికి ముందే మా ఆయన కుడి భుజం పట్టేసింది. నిచ్చెన జోలికి వెళ్లొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. సెలూన్లో గడ్డాలతో సరిపెట్టుకున్నాడు గానీ, పెరట్లోకొస్తే చాలు, ప్రాణం విలవిల్లాడేది.

“చూడవే దాని అవతారం! జుట్టంతా మొహం మీదికొచ్చేసింది. నా పరువేం కాను?”

“అదేమైనా ఫోటో దిగాలా? ఊరుకోండి.”

చలి తగ్గుముఖం పట్టాక ఒక పొద్దున బట్టలు ఆరేయడానికి వెళ్లి, తడి దుప్పటి చేతిలో ఉండగానే నిలబడిపోయాను. ఏ కొమ్మ చివర చూసినా పూతే. సంతోషానికి ఏడుపొచ్చింది. పూత రాలకుండా ఏం చేయాలో అడుగుదామని నర్సరీ పెద్దాయన్ను పిలుచుకొచ్చాను. ఆయన కొమ్మల మీద పాత గాట్లు తడిమి చూశాడు.

“ఇవెప్పుడు కత్తిరించేవారమ్మా?”

“ఏటా చలి మొదట్లో.”

“అయ్యో రాత! మామిడి కొమ్మ చివర్నే పూస్తుందమ్మా. సరిగ్గా మొగ్గ కట్టే వేళకి చివర్లన్నీ ఎగరగొట్టేస్తే ఇంకేం కాస్తుంది? కత్తిరించేదేదో కాయలు కోశాక చెయ్యాలి.”

నాకు ఒళ్లు మండిపోయింది. కడిగేద్దామని వెనక్కి తిరిగాను. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నొప్పి భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. మళ్లీ పెద్దాయన వైపే తిరిగి, పూత నిలవడానికి ఏం చేయాలో అడిగాను.

వేసవిలో రెండు బుట్టల కాయలు దిగాయి. మొదట పండింది మరిదికే ఇచ్చాను. టెంక దాకా చీకి, మూతి తుడుచుకుంటూ, “వ్యాను వీధిలోనే ఉంటుందిలే వదినా,” అన్నాడు. నాకు పట్టరానంత సంబరమైంది.

తొలి వాన పడేసరికి మా ఆయన భుజం బాగుపడింది. నిచ్చెన తెచ్చి చెట్టుకు ఆనించాడు. నేను చేతిలో పని వదిలేసి పరుగెత్తాను. కానీ ఆయన ఎక్కలేదు. కత్తెర పట్టుకుని, కుర్చీలో కూర్చున్నవాళ్లను అడిగే గొంతుతోనే నన్నడిగాడు.

“ఎంత తీయమంటావ్?”

ముప్పై ఏళ్లుగా ఎవరి తల ముట్టుకోబోయినా ముందు అడిగే మాట అది. మా చెట్టు దగ్గర అడగడం ఇదే మొదలు.

“కాయ కోసిన కొమ్మల చివర ఒక్క జానెడు.”

అప్పుడు నిచ్చెనెక్కి జానెడే తీశాడు. ఎడమవైపు ఒక కొమ్మ ఎగుడుదిగుడుగా మిగిలింది. దానివంక కాసేపు చూసి, కత్తెర జేబులో పెట్టుకుని దిగొచ్చాడు.