సైరాగుల్ నవ్వు

ఆ లోయలో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. "చెడ్డ జబ్బు" అంటారు, అదీ గొంతు తగ్గించి. ఎవరికైనా వస్తే డాక్టరు ముందు ఇంట్లోవాళ్ళని వరండాలోకి పిలిచి చెబుతాడు. వాళ్ళు అక్కడే ఏడ్చి, మొహం కడుక్కుని, లోపలికి వెళ్ళి రోగితో "ఏమీ లేదట, కడుపులో చిన్న పుండట" అంటారు. రోగికి చివరిదాకా తెలియనివ్వకపోవడమే ప్రేమ. ఈ విషయంలో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు.

ఆ మాట చెప్పడానికి అందరి మొహాలూ పనికిరావు. కొందరికి పెదవి వణుకుతుంది. కొందరు అవసరానికి మించి మాట్లాడతారు. సైరాగుల్ మొహం పనికివస్తుందని ఆమె తల్లి విషయంలోనే తేలిపోయింది. అన్నలిద్దరూ ఆసుపత్రి గోడకి తల ఆనించి నిలబడితే, ఆమె ఒక్కతే లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుని నవ్వింది. "అమ్మా, మంచు కరగ్గానే ఇంటికి సున్నం వేయిస్తాం. తలుపులకి ఏ రంగో నువ్వే చెప్పాలి" అంది. తల్లి కాసేపు ఆలోచించి నీలం అంది. తరువాత మామగారి వంతు వచ్చింది. ఆ తరువాత చుట్టాలు, చుట్టాల చుట్టాలు ఆమెను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. తాను అబద్ధం ఆడుతున్నానని సైరాగుల్ ఏనాడూ అనుకోలేదు. చలికి వణుకుతున్న మనిషి మీద ఇంకో దుప్పటి కప్పుతున్నాను అనుకునేది.

ఆమెకు యాభై దాటిన ఏడాది, కోతలైపోయిన రోజుల్లో, రొమ్ము పరీక్ష చేసే బండి ఊళ్ళోకి వచ్చింది. బస్సంత పొడవున్న తెల్లటి బండి. ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. నలభై దాటిన ఆడవాళ్ళంతా రావాలని నర్సు బూరుల్ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. జబ్బు ఉన్నవాళ్ళు కాదు, ఏ జబ్బూ లేనివాళ్ళే రావాలట. అది ఊరివాళ్ళకి వింతగా తోచింది.

ఆ వారమే బావగారింట్లో విందు ఉంది. సైరాగుల్, ఆమె తోడికోడలు సల్తనత్ కాలువ గట్టున కూర్చుని, కోసిన గొర్రెల పేగులు తిరగేసి కడుగుతున్నారు. సల్తనత్ ఆమెను సొంత అక్కని పిలిచినట్టే "ఎజే" అని పిలుస్తుంది.

"ఎజే, బండి దగ్గరికి ఎప్పుడెళ్తున్నావ్?"

"బంగాళాదుంపలు తవ్వొద్దూ?"

"నిన్న ఆవు ఈనేలా ఉందన్నావ్."

"అదీ ఉంది."

"నీ ఆవు ఈనేది చలికాలం పోయాక గదా! అయినా ఆవే నీకంటే నయం. డాక్టరొస్తే కదలకుండా నిలబడుద్ది."

దారిన పోతున్న బూరుల్ ఆ మాట విని ఆగింది. "దానికైతే తాడు కట్టి లాక్కెళ్ళొచ్చు. ఈవిడ్ని ఎలా లాక్కెళ్ళను? సైరాగుల్ ఎజే, నీకు భయమంటే ఎవరూ నమ్మరే! ఊళ్ళో అందరి మంచాల దగ్గరా ధైర్యం చెప్పేది నువ్వే. మొన్న మా మామకి ఉట్టి జ్వరమొస్తే నువ్వు పులుసు గిన్నె పట్టుకుని నవ్వుతూ వచ్చావా, ఆయన లేచి కూర్చుని 'ఏమే, నేను పోతున్నానా?' అని నన్ను పట్టుకున్నాడు!"

సల్తనత్ పడీ పడీ నవ్వింది. సైరాగుల్ కూడా నవ్వింది. చేతిలోని పేగు జారి నీళ్ళలో పడితే వెతుక్కున్నట్టు తల వంచుకుంది.

ఆమెకు యంత్రమంటే భయం లేదు. నొప్పి అంటే అసలే లేదు. ఆమె భయం ఇంకో చోట ఉంది, దాన్ని ఎవరికీ చెప్పుకునే వీలు లేదు. జబ్బు ఉంటే బండిలోని డాక్టరమ్మ "ఏమీ లేదు" అంటుంది. లేకపోయినా "ఏమీ లేదు" అనే అంటుంది. రెండూ ఒకే మాటలు, ఒకే గొంతు, ఒకే నవ్వు. ఆ నవ్వు వెనక నిలబడి వచ్చిన మనిషి తను. పరీక్షకి వెళ్ళిన మరుక్షణం నుంచి మొగుడి మొహమూ పిల్లల మొహాలూ వెతుక్కుంటూ బతకాలి. ఎవరు ముందుగా కళ్ళు తిప్పుకున్నారు, ఎవరు ఇవాళ ఎక్కువ ముద్దుగా మాట్లాడారు అని. వెళ్ళకపోతే ఆ బాధ లేదు. కొన్ని నెలలుగా స్నానం చేసేటప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఎడమ వైపు గబగబా దాటిపోయేది, నిద్రపోతున్న కుక్కని దాటినట్టు.

మర్నాడు సాయంత్రం సల్తనత్ పరీక్ష చేయించుకుని తిన్నగా తోడికోడలి ఇంటికే వచ్చింది. సైరాగుల్ పిండి పిసుకుతోంది.

"బాగుందన్నారు ఎజే. ఏమీ లేదట."

"మంచిది. టీ పోసుకో."

సల్తనత్ టీ పోసుకోలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది. "నీకేమైనా కబురు చేశారా?"

"నాకెందుకు చేస్తారు?"

"మరెవరికి చేస్తారు? నాకేమైనా అయితే పిలిచేది నిన్నేగా."

"ఎవరూ ఏమీ చెప్పలేదే, పిచ్చిదానా."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

సైరాగుల్ చూసింది. "ఏమీ లేదు" అంది. ఎందుకో నవ్వు దానంతటదే వచ్చింది.

సల్తనత్ మొహం పాలిపోయింది. "నవ్వకు ఎజే. దేవుడి మీద ఒట్టు, నువ్వు నవ్వకు" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

పిండి చేతుల్లో అలాగే ఉండిపోయింది. ఒంట్లో ఏ లోపమూ లేదని డాక్టరే చెప్పిన మనిషికి ఆ మంచి మాట అందించడం తన వల్ల కాలేదు. ఇన్నేళ్ళుగా తాను కప్పిన దుప్పట్లన్నీ ఒకదాని మీద ఒకటి చేరి, కింద ఎవరున్నారో, బతికున్నారో లేదో కనపడనంత గుట్ట అయ్యాయని ఆమెకు అనిపించింది.

తెల్లారాక తల గుడ్డ బిగించి కట్టుకుని బండి దగ్గరికి నడిచింది. తన కోసం కాదు. సల్తనత్ సంగతి కనుక్కోవడానికి. కనీసం దారి పొడుగునా తనకి తాను అదే చెప్పుకుంది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి, పేరు జిల్దిజ్. రాజధాని నుంచి వచ్చింది. ఇంకా ఎవరూ రాలేదు గనుక స్వెట్టరు చేతులు లాక్కుని టీ తాగుతోంది. పక్కన సగం విరిచిన రొట్టె.

"డాక్టరమ్మా, సల్తనత్ మా తోడికోడలు. అసలు సంగతి నాకు చెప్పు. ఆమెకి ఎలా చెప్పాలో నేను చూసుకుంటా."

"ఆమెకే చెప్పేశాను ఎజే."

"ఆమెకి చెప్పింది కాదు. మాకు చెప్పేది చెప్పు."

ఆ అమ్మాయి కప్పు కింద పెట్టింది. విసుక్కోలేదు. ఇలా అడిగేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నట్టుంది. "మీకు వేరే, ఆమెకి వేరే ఉండదు. నా దగ్గర ఉండేది ఒక్కటే. ఆమె ఒళ్ళు, ఆమెకే చెబుతాను. మంచైనా, చెడ్డైనా."

"చెడ్డైనా?"

"చెడ్డైతే ఇంకా ముందు చెప్పాలిగా. వైద్యం చేయించుకోవలసింది ఆమేగా."

సైరాగుల్ ఆమె పెదవుల వంక చూసింది. వణకలేదు. అయితే తన పెదవులూ ఎన్నడూ వణకలేదు.

"మీరు చేయించుకున్నారా?" అని అడిగింది డాక్టరు.

"నాకూ ఒక్కటే చెబుతావా?"

"ఒక్కటే."

"రొట్టె పట్టుకుని ఒట్టేసి చెప్పు."

జిల్దిజ్ నవ్వబోయి, ఎదుటి మొహం చూసి మానేసింది. రొట్టె ముక్క మీద అరచెయ్యి ఆనించింది. "అబద్ధం చెబితే ఈ రొట్టే నన్ను కొట్టాలి. జబ్బయితే జబ్బనే అంటాను. బొమ్మ కూడా మీకే చూపిస్తాను. సరేనా? ఇక చొక్కా విప్పండి, చలికి గడ్డ కట్టకముందే."

చల్లటి పలక. పైనుంచి ఇంకో పలక దిగి రొమ్మును అదిమింది. దూడ చిగుళ్ళతో చెయ్యి పట్టుకున్నట్టు ఉంది, గట్టిగానే, కానీ ఓర్చుకోలేనంత కాదు. "ఊపిరి బిగబట్టండి" అని వినపడింది. ఏదో గుర్రుమంది. "వదిలెయ్యండి." అంతే. ఇన్ని నెలలుగా ఆమె మోసిన బరువుకి ఇంత చిన్న చప్పుడా అనుకుంది.

డాక్టరు తెరను ఆమె వైపు తిప్పింది.

చీకట్లో కొండ కనుమ మీద నిలబడి కిందికి చూస్తే, వెన్నెల పడ్డ వాగులు కనిపిస్తాయి. అలా ఉంది. నల్లటి నేల మీద తెల్లటి పాయలు, ఒక దాంట్లోంచి ఇంకొకటి చీలుతూ, సన్నబడుతూ, మళ్ళీ కలుస్తూ, అన్నీ ఒకే ఒడ్డు వైపు నడుస్తున్నాయి.

"ఇవి పాలు వచ్చిన దారులు. వాటిని పట్టి ఉంచిన పీచు ఇది" అంది జిల్దిజ్.

సైరాగుల్ తెర దగ్గరికి జరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని గొర్రెల లోపల చెయ్యి పెట్టిందో లెక్క లేదు. వంటకి ఊపిరితిత్తిలో పాలు నింపడం, కాలేజం మీద మచ్చ ఉందేమో చూడడం ఆమెకు కళ్ళు మూసుకుని చేసే పని. లోపలిది కనిపించాలంటే ముందు ప్రాణం పోవాలి. లోకం తీరు అదేనని ఆమె చేతులు నేర్చుకున్నాయి. ఇక్కడ ఆమె నిలబడి ఉంది. గుండె కొట్టుకుంటోంది. చలికి ఒళ్ళు జలదరిస్తోంది. అయినా తన లోపలిని తానే చూస్తోంది. ముగ్గురు పిల్లలు తాగిన దారులు. పాలు ఎండిపోయి ఎన్ని శీతాకాలాలైందో! ఐనా దారులు చెరగలేదు. ఆమె నిద్రపోయినా, ఎవరి మీదో కోపంతో గిన్నెలు విసిరినా, ఎవరి మంచం దగ్గరో నవ్వినా, ఇవి ఇక్కడ ఈ చీకట్లో, ఎవరూ చూడకుండా, ఇంత ఓపికగా ఉన్నాయి. ఇంత అందమైనదాన్ని తాను కుక్కని దాటినట్టు దాటిందా?

అప్పుడు డాక్టరు వేలు ఒక చోట ఆగింది. అక్కడ పాయల మధ్య తెలుపు కొంచెం చిక్కగా ఉంది.

"అదేంటి?"

జిల్దిజ్ దగ్గరగా వంగి చూసింది. "తెలీదు" అంది.

భయం వాగు నీళ్ళలా వచ్చింది. మోకాళ్ళ దాకా వచ్చింది, నడుం దాకా వచ్చింది. కానీ దాని అడుగున కాళ్ళకి రాయి తగిలింది. తెలీదు. ఎన్ని మంచాల పక్కన కూర్చున్నా ఆ మాట ఆమె ఒక్కసారి కూడా వాడలేదు. పుండు అంది, వాతం అంది, గాలి మార్పు అంది. అబద్ధం దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఈ అమ్మాయి దగ్గర లేదు. లేదని మొహం మీదే చెప్పింది. అంటే తరువాత ఏం చెప్పినా అది నిజమే అవుతుంది. చెడ్డ మాటైనా సరే, తన కాళ్ళ మీద తాను నిలబడి వినే మాట అవుతుంది. సైరాగుల్‌కి ఆ చిన్న మాట తెరమీది వాగులంత పెద్దదిగా కనపడింది.

"ఇంకోటి తీద్దాం. ఆ చోటు ఒక్కటే, కొంచెం గట్టిగా నొక్కి. నొప్పిగా ఉంటుంది" అంది డాక్టరు.

"నొక్కు తల్లీ" అంది సైరాగుల్.

నిజంగానే నొప్పి పెట్టింది. రెండో బొమ్మ మొదటిదాని పక్కన వచ్చింది. చిక్కదనం విడిపోయి, మామూలు పాయలై అటూ ఇటూ సాగిపోయింది.

"పొరలు ఒకదాని మీద ఒకటి పడి అలా కనిపించింది. మీరే చూడండి, ఇక్కడా, ఇక్కడా. ఇవాళ్టికి ఏమీ లేదు ఎజే. రెండేళ్ళకి మళ్ళీ రండి. ఈలోగా చేతికి ఏదైనా తగిలితే, రెండేళ్ళ దాకా ఆగకండి."

ఏమీ లేదు. తన నోట అన్నిసార్లు నలిగిన మాట. ఇప్పుడు దాని వెనక ఏ వరండా లేదు. సల్తనత్‌ని కూడా తీసుకొచ్చి దాని బొమ్మ దానికే చూపించమనాలి అనుకుంది.

ఆమె బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఆమె భర్త ఉస్మనాలీ ఉన్నాడు. రెండో బొమ్మ తీస్తున్నారని బూరుల్ ఎవరితోనో అంటే, పొలం దాకా పాకిందట. గుర్రాన్ని విప్పుకుని మట్టి బూట్లతోనే వచ్చేశాడు. చుట్టూ పరీక్షకి వచ్చిన ఆడవాళ్ళు.

"ఏమంది ముసలిదానా? ఏమీ లేదందా? ఏముంటుంది, నీకేముంటుంది? నాకు ముందే తెలుసు. ఎండలు రాగానే ఇసిక్-కుల్ సరస్సుకి పోదాం. పెళ్ళప్పట్నుంచీ అడుగుతున్నావ్‌గా, పోదాం, పడవ కూడా ఎక్కుదాం..."

అవసరానికి మించి మాట్లాడుతున్నాడు. పై పెదవి వణుకుతోంది. మీసం కింద దాన్ని నవ్వుగా మార్చాలని తంటాలు పడుతున్నాడు. ఇంకా ఏమీ తెలియకముందే ఆమెకు కప్పడానికి దుప్పటి తెచ్చుకున్నాడు.

"ఏమీ లేదు" అంది సైరాగుల్. సంతోషం కొద్దీ నవ్వింది.

ఊరంతటికీ తెలిసిన నవ్వు అది. ఉస్మనాలీ ఒక్క క్షణం ఆ నవ్వుని చూశాడు. మెట్టు మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. తండ్రి పోయినప్పుడు కూడా ఆచారం ప్రకారం మగవాళ్ళందరితో కలిసి అరిచి ఏడ్చాడే గాని ఇలా ఏడవలేదు. చప్పుడు లేకుండా, వీపంతా కదిలిపోతూ. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

సైరాగుల్ వెంటనే అతన్ని ఆపలేకపోయింది. రోజూ తాగే ఉప్పు టీలో ఉప్పు తక్కువైందని సణిగే మనిషి, పండక్కి కొత్త గుడ్డ తెస్తే చేతికివ్వడానికి సిగ్గుపడి పెట్టె మీద వదిలేసి పోయే మనిషి, ఇతని లోపల ఇంత ఉందా? ఇన్నేళ్ళూ ఇది ఎక్కడ దాక్కుంది? తను పోయాక పాడెక్కించినప్పుడు గాని బయటపడనిది, తను కళ్ళారా చూడలేనిది, పట్టపగలు మెట్ల మీద కూర్చుని ఉంది.

"లే" అంది మెల్లగా. "లోపలికి రా."

"ఎందుకు?"

"నా మాట నమ్మొద్దు. నువ్వే చూద్దువుగాని."

అతను ముక్కు తుడుచుకుంటూ ఆమె వెనక బండి ఎక్కాడు. తల పైకప్పుకి తగిలింది. జిల్దిజ్ ఇద్దర్నీ చూసి, తెర మీద చెయ్యి వేసి ఆగింది. "చూపించమంటారా ఎజే? మీ ఇష్టం."

"నాదేగా, చూపించు."

తెర వెలిగింది. ఉస్మనాలీ ముందుకి వంగాడు. ఒక వేలు చాచి, ఒక పాయ వెంబడి, గాజుకి తగలకుండా కిందికి నడిపించాడు. టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. నిద్రపోతున్న దేన్నో లేపుతానేమో అన్నంత లోగొంతుతో అడిగాడు:

"ఇదంతా నీదేనా?"

"నాదే" అంది సైరాగుల్.