తీగ పీకిన మీటింగు

ఆవిడ కుట్టు కంపెనీ యజమానికి అక్క, అక్కడి కటింగ్ మాస్టరు కూడా. నాలుగేళ్ల కిందట వినికిడి పోయాక పెదవులు చూసి మాట పట్టుకుంటోంది. వీడియో మీటింగులకని తమ్ముడు ఎంచిన యాప్‌లో ముఖాలు గోరంత కనిపిస్తాయి.

“మాట్లాడుకున్నదంతా తర్వాత రాసిస్తాలే అక్కా,” అన్నాడు తమ్ముడు, ఆ యాప్ అమ్మే మనిషితో ఆఫీసులో అందరూ వీడియో మీటింగుకు కూర్చున్నప్పుడు.

“అంతా తేల్చేశాక ఆ కాగితం నాకెందుకురా?” అంటూ ఆవిడ లేచి స్పీకరు తీగ పీకేసింది. తెర మీద ఆ మనిషి నోరు ఆడుతూనే ఉంది. అందరూ తెల్లమొహాలు వేశారు.

“ఇప్పుడు ఆయనేమంటున్నాడో చెప్పండి చూద్దాం!”

తమ్ముడు తల గోక్కుని, మాటలు తెర మీద అక్షరాలుగా పడే మరో యాప్ తెప్పించాడు. సోమవారం ఆ యాప్‌లోనే కొనుగోలుదారుతో చొక్కా చేతుల కొలత మీద గంటసేపు వాదించి, తన మాటే నెగ్గించుకుంది ఆవిడ.