ఆగిపోబోయే సెన్సర్

బజారులో అందరూ అతన్ని అల్లుడుగారనే పిలిచేవారు. ఎలక్ట్రానిక్ విడిభాగాల ఏజెన్సీ మామగారిది. దాని కోసం కాళ్లరిగేలా తిరిగేది ఇతను.

గింజల్లోంచి తాలూ రాళ్లూ ఏరే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటుంది. అక్కడ యంత్రాల డిజైనంతా ఒక పెద్దావిడ చేతిలో ఉండేది. అందరికీ ఆవిడ మేడమ్. ఆవిణ్ణి ఒప్పించడానికి అల్లుడుగారికి రెండేళ్లు పట్టింది. శాంపిల్‌గా ఇచ్చిన సెన్సర్లను ఆవిడ వేడిలో పెట్టింది, దుమ్ములో పెట్టింది, నెలల తరబడి యంత్రంలో నడిపి చూసింది.

"నువ్వు మాటలమ్ముతావు బాబూ, నేను మాత్రం సెన్సరే కొంటాను," అని నవ్వేది.

చివరికి ఆ సెన్సర్ కొలతలకు తగ్గట్టే కొత్త యంత్రం సర్క్యూట్ బోర్డు గీసింది. ఇక ఆర్డరు రావడమే తరువాయి. సరిగ్గా అప్పుడే తయారీదారుల నుంచి ఏజెన్సీకి కబురొచ్చింది. వచ్చే ఏడాది నుంచి ఆ రకం సెన్సర్ ఆపేస్తున్నారట.

"మేడమ్‌కి చెప్పేస్తాను మామయ్యా," అన్నాడు.

"చెప్పొద్దన్నానా? ముందు ఆర్డరు చేతికి రానీ. నోరుంది కదా అని అన్నీ ఇవాళే మాట్లాడాలా?"

అల్లుడుగారు నోరు మూసుకున్నాడు. ఆర్డరు వచ్చింది. "ఈ మోడల్ ఏళ్ల తరబడి నడుస్తుంది, నీకు ఢోకా లేదు," అంది మేడమ్. అతను తలూపాడు.

కొన్ని నెలలకే సెన్సర్ ఆగిపోతోందన్న విషయం బయటపడింది. కంపెనీ యజమాని ఇద్దరినీ తన గదికి పిలిపించాడు.

"ఈయనకి ముందే తెలిసుంటుంది. మనకి అంటగట్టి చేతులు దులుపుకున్నాడు," అన్నాడు.

మేడమ్ అడ్డుపడింది. "లేదు సార్. ఇతని సంగతి నాకు తెలుసు. తెలిసుంటే నాకు చెప్పకుండా ఉండడు. తప్పు నాదే, తయారీదారుల్ని నేను నేరుగా అడగాల్సింది."

యజమాని కాస్త మెత్తబడ్డాడు. ఆ క్షణాన ఊరుకుంటే అల్లుడుగారు గట్టెక్కిపోయేవాడే. కానీ తన తప్పును ఆవిడ నెత్తినేసుకోవడం చూస్తుంటే తల కొట్టేసినట్టయింది.

"తెలుసు సార్," అన్నాడు. "ఆర్డరుకు ముందే తెలుసు. మేడమ్‌కి కావాలనే చెప్పలేదు."

మేడమ్ అతని వైపు చూడలేదు. "అప్పుడే చెప్పుంటే ఇంకో సెన్సర్‌కి కూడా చోటుంచి గీసేదాన్ని. వారం పని," అంది యజమానితోనే. అరిచి తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

ఇంటికెళ్తే మామగారు ఎగిరిపడ్డారు. "నిన్నెవరడిగారయ్యా, సత్యహరిశ్చంద్రుడిలా!"

అతను మర్నాడే బయల్దేరాడు. మిగతా డీలర్ల దగ్గర తిరిగి, మిగిలిపోయిన సెన్సర్లన్నీ పోగుచేసి ఆ కంపెనీకి చేర్చాడు. మేడమ్ బోర్డు మొత్తం తిరగగీసి వేరేవాళ్ల సెన్సర్‌కి మారేదాకా అవే ఆసరా అయ్యాయి.

ఆఖరి పెట్టె దించిన రోజు మేడమ్ మెట్లు దిగి వస్తూ కనిపించింది. పలకరిద్దామనే అనుకున్నాడు. తీరా దగ్గరికొచ్చేసరికి, బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయాడు. ఆవిడ అడుగుల చప్పుడు గేటు దాటేదాకా తలెత్తలేదు.