చీనా హోటల్లో వేడి పళ్ళెం

గడ్డిలో మాగేసిన బంగినపల్లి కాయల్ని నాగేంద్రమ్మ ఒక్కొక్కటే తిరగేస్తుంటే, గుమ్మంలోంచి అత్తగారు, "ముందు నా కొడుక్కి అన్నం పెట్టవే, కాయలెక్కడికీ పారిపోవు" అంది.

కాయలు పారిపోవు, నిజమే. కానీ నాగేంద్రమ్మ ముక్కు ఎగబీల్చిందంటే రెడ్డిగూడెం తోటలో కొమ్మనున్న కాయ కూడా సిగ్గుపడి పసుపెక్కేదని ముసునూరులో చెప్పుకునేవాళ్ళు. అందులో సగం తీసేసినా మిగతా సగం నిఖార్సయిన నిజం. ఏ కాయ రేపటికి పండుతుందో, ఏది ఎల్లుండికో ముచ్చిక దగ్గర వాసన చూసి చెప్పేసేది. కోడి కూయకముందే లేచి గడ్డి మార్చేది. ఆ వేడికి కళ్ళు మండేవి. తర్వాత వంట. మొగుడు బుచ్చయ్య భోంచేసి, ఆకు మడవకుండా లేచేవాడు. అందులోనే ఆమె తినాలి. చల్లారిన అన్నం, అతను నమిలి పడేసిన ములక్కాడ పిప్పి పక్కన. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి వేరే ఆకు వేసుకోబోతే అత్తగారు, "మీ మావగారి ఆకులో నలభై ఏళ్ళు తిన్నాను, నాకేం తక్కువైందే?" అంది. ఏం తక్కువైందో నాగేంద్రమ్మకి తెలుసు. వేడి అన్నం తక్కువైంది. పన్నెండేళ్ళయినా ఆ మాట పైకి అనలేదు.

స్వతంత్రం వచ్చిన మరుసటేడు వేసవిలో మద్రాసు పళ్ళ వర్తకుడు ఉత్తరం రాశాడు. పెద్ద చీనా హోటలుకి మీ పళ్ళే వేస్తున్నాను, వాటిని మాగేసిన చెయ్యి ఎవరిదో చూడాలని హోటలు దొర ఒకటే అడుగుతున్నాడు, ఒకసారి రమ్మని. బుచ్చయ్య దాన్ని అరుగు మీద నలుగురికీ చదివి వినిపించి, "మన చెయ్యి అలాంటిది మరి!" అన్నాడు. తలలో గడ్డిపరకలతో నాగేంద్రమ్మ తలుపు వెనక నిలబడి విన్నది.

అయినా మనిషి చెడ్డవాడేం కాదు. "నువ్వూ రావే. ఇద్దరం దర్జాగా హోటల్లో కూర్చుని తిందాం" అన్నాడు. నూజివీడు పేరు తగిలించుకుని బాపులపాట్లో ఉన్న స్టేషన్లో రైలెక్కారు.

ఆ హోటల్లో నేల ఎంత నున్నగా ఉందంటే, అందులో కనపడిన తన మీసానికి బుచ్చయ్య తనే నమస్కారం పెట్టబోయాడు. బల్లల మీద తెల్లటి దుప్పట్లు, ఎర్ర కాగితపు దీపాలు. వడ్డించే సలోమోను గుడివాడ వైపువాడే కావడంతో బుచ్చయ్యకి ధైర్యమొచ్చింది. సేమ్యా లాంటిదేదో వచ్చింది. ఒక్కో పోగూ ముసునూరు నుంచి నూజివీడు దాకా సాగేట్టుంది. బుచ్చయ్య రెండు పుల్లలతో దాన్ని పట్టబోతే, ఒక పుల్ల పక్క బల్ల దొరసాని టోపీలోకి దూకింది. నాగేంద్రమ్మ పైటచెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

నవ్విందే గానీ, మొగుడు తినకముందు ముద్ద ముట్టలేదు. సలోమోను ఆమె ముందు పెట్టబోయిన పళ్ళేన్ని, "తర్వాత" అని పంపేసింది. బుచ్చయ్య తిని త్రేన్చాడు. మరుక్షణం సలోమోను అతని పళ్ళెం ఎత్తుకుపోతుంటే ఆమె గబుక్కున లేచింది.

"అయ్యా, అది ఇటివ్వండి!"

"ఎంగిలిదమ్మా ఇది."

"అదేనండి నాకు కావాల్సింది."

చుట్టూ బల్లల వాళ్ళు ఇటు తిరిగి చూశారు. బుచ్చయ్య తల దించుకుని, "కూర్చోవే, పరువు తీస్తున్నావు" అని గొణిగాడు. నాగేంద్రమ్మ కూర్చుంది. ఇంట్లో ఎంగిలి తినకపోతే తప్పు, ఇక్కడ అడిగితే తప్పు. రెండు చోట్లా తలవంపులు మాత్రం తనకే.

అప్పుడే హోటలు దొర పళ్ళబుట్టతో వచ్చాడు. ఆయన మాటని సలోమోను తెలుగు చేశాడు. "ఈ పూట అతిథులకి కొయ్యాల్సినవేవో, రేపటికి ఉంచాల్సినవేవో మీ చేత్తో ఏరి పెట్టమంటున్నారండి."

"దానికేముంది!" బుచ్చయ్య ఒక పండు తీసి బొటనవేలితో గట్టిగా నొక్కాడు.

"నొక్కకండి!" ఆ గొంతు తనదేనని నాగేంద్రమ్మకి ఒక క్షణం తెలియలేదు. "పండుకి దెబ్బ తగులుద్ది."

బుట్ట తన ముందుకి లాక్కుంది. ఒక్కొక్కటీ ముచ్చిక దగ్గర వాసన చూసి వరసలు పెట్టింది. "ఇవి ఇప్పుడు కొయ్యండి. ఇవి రేపు మధ్యాహ్నానికి. ఇదొద్దు, టెంకలో పురుగుంది."

పైకి మచ్చయినా లేని పండది. దొర నమ్మలేక కత్తి తెప్పించి కోశాడు. టెంక చీలగానే నల్లటి పురుగు బయటికి పాకి, తెల్లదుప్పటి మీద జమీందారులా షికారుకి బయల్దేరింది.

దొర బుచ్చయ్య బొటనవేలు వంక చూశాడు. తర్వాత నాగేంద్రమ్మ వైపు తిరిగి నడుం వంచి దణ్ణం పెట్టాడు. లోపలికి ఏదో కేకేశాడు. నీలం పువ్వులున్న పళ్ళెం వచ్చింది. అన్నం పొగలు కక్కుతోంది, పక్కన చేప. "ఇది ఆ చేతికట, అమ్మా" అన్నాడు సలోమోను.

ఆ చేత్తోనే తిన్నది. వేళ్ళు కాలాయి, నాలుక కాలింది. ఎవరి ముఖమూ చూడకుండా, నడుం నిటారుగా పెట్టుకుని, ఆఖరి మెతుకు దాకా తిన్నది. తన చెయ్యి వాసన చూసుకుంటే ఇంకా బంగినపల్లి వాసనే వస్తోంది.

ఇంటికొచ్చాక బుచ్చయ్య భోజనం చేస్తూ తల్లికి చెప్పసాగాడు. "పండు చేతిలోకి తీసుకోగానే నాకు తెలిసిపోయిందమ్మా, లోపల పురుగుందని! దొర హడలిపోయాడు!" ఆ పురుగు అప్పటికే తేలంత అయింది. నాగేంద్రమ్మ వడ్డిస్తూ ఉంది. పురుగు పాము కాకముందే అతని భోజనం అయిపోయింది. ఎప్పట్లాగే ఆకు మడవకుండా లేచాడు.

ఆమె వంగి ఆ ఆకు మడిచేసింది.

అత్తగారు నోరు తెరిచింది. "అదేంటే! మరి నువ్వు దేంట్లో తింటావు?"

నాగేంద్రమ్మ పొయ్యి మీది గిన్నె దించి, ఇంకో ఆకు వేసి నీళ్ళు చల్లింది.

"నా ఆకులో, అత్తయ్యా."